నీలం తిరిగిన ఉక్కు

గోతాంలో తెచ్చారు, చేపలు మోసే గోతాంలోనే.
విప్పితే ముందు ఉప్పు వాసన,
వెనకే మాడిన ఆయిలు కంపు.
నరసాపురం రేవు వెనక నా రేకుల షెడ్డు,
మిట్టమధ్యాహ్నం.

"పనికొచ్చేవి ఉంచండి, రానివి కాటాకి"
అన్నాడు బోటు ఓనరు ఒడుగు పోలయ్య.
డ్రైవరు సింహాద్రి గుమ్మం దాటి లోపలికి రాలేదు.
కుడి అరచేతికి గుడ్డ చుట్టుకుని ఉన్నాడు.

జరిగింది ఇంతే.
అంతర్వేది మొగ దగ్గర
నీళ్ళు పీల్చే గొట్టానికి ప్లాస్టిక్ సంచి అడ్డం పడింది.
ముల్లు ఎర్రగీత దాటింది.
ఆపితే గాలీ పోటూ కలిసి ఇసక మేట మీదికి తోసేస్తాయి.
బోటులో ఆరుగురు.
ఆపలేదు.
ఇరవై నిమిషాలు తన్ను తాను కాల్చుకుంటూ
ఇంజనే వాళ్ళని ఒడ్డుకి లాక్కొచ్చింది.

ఒక్కోటీ కిరసనాయిల్లో కడిగి బల్ల మీద పేర్చాను.
పిస్టన్ల సంగతి అడక్కండి,
అల్యూమినియం కరిగి లైనరుకి
పెనం మీద మాడిన అట్టులా అంటుకుపోయింది.

హెడ్డు మీద ఉక్కుబద్ద ఆనించి
కింద సందులో వెలుగు చూశాను.
పన్నెండు థౌ వంపు. అంతవరకైతే మిషను పట్టొచ్చు.
కిరసనాయిలు పూసి, తుడిచి, సుద్ద రాసి
టీకి వెళ్ళాం.
తిరిగొచ్చేసరికి తెల్లటి సుద్దలో
రెండు వాల్వుల మధ్య వెంట్రుకంత తడి గీత.
"వెల్డింగు కొట్టిస్తేనండి?"
"భీమారంలో కొడతారు. నిలబడిందో లేదో
మీకు సముద్రంలో తెలుస్తుంది."

రాడ్లు తాడుకి వేలాడదీసి చిన్న సుత్తితో కొట్టాను.
ఒకటి, రెండు, నాలుగు ఖంగుమన్నాయి.
మూడోది ఓటికుండ.
పక్క ఐసు ఫ్యాక్టరీ మోటరు ఆగేదాకా ఆగి
మళ్ళీ కొట్టాను.
ఓటికుండే.

ఇక క్రాంకు. కొత్తది లక్షా పది.
మూడో జర్నల్ మీద రంగులు తేలాయి.
అంచున ఎండుగడ్డి పసుపు, లోపల వంకాయ తోలు,
నడిమధ్య నెమలి మెడ నీలం.
ఎంత బాగుందో.
ఉక్కు అందంగా కనబడితే నాకు దడ.

పదకొండేళ్ళ కిందట ఆచంట మిల్లు క్రాంకు
ఇదే నీలంతో వచ్చింది.
గ్రైండింగు పడితే అద్దంలా మెరిసింది.
"నడుస్తుంది" అన్నది నేనే.
నలభై రోజులు నడిచింది కూడా.
అక్కడ పనిచేసే పెద్దింట్లు ఇప్పుడు
ఎడమ చేత్తో చొక్కా గుండీలు పెట్టుకుంటాడు.
సంతలో ఎదురుపడితే
"బాగున్నారా అండి" అని అడుగుతాడు.
ఇంకేమీ అడగడు.

పాత ఆకురాయి తీశాను.
జారితే గట్టిదనం ఉన్నట్టు, కరిస్తే పోయినట్టు.
మొదటి జర్నల్ మీద గాజు మీద గోరులా జారింది.
రెండోదాని మీదా అంతే.
మూడోదాని మీద
కాస్త జారి, కాస్త కరిచింది.

పోలయ్య నా మొహం చూస్తున్నాడు.
ఆయన అప్పు రేవులో అందరికీ తెలుసు.
గ్రైండింగు కూలి నాలుగువేలు,
ఈ నెల షెడ్డు అద్దె అంతే.
సింహాద్రిని లోపలికి పిలిచాను.
"దీన్ని బిగిస్తే నువ్వెక్కుతావా?"
వంగి ఆ రంగుల్ని చాలాసేపు చూశాడు.
"ఆవేళ ఆపేసుంటే ఇది బాగుండేదండి" అన్నాడు.
ఎక్కుతాననలేదు. ఎక్కననీ అనలేదు.

కాటాకి హెడ్డు, పిస్టన్లు, మూడో రాడ్డు.
మూడు రాడ్లూ కామ్ షాఫ్టూ నీళ్ళ పంపూ ఉంచాను.
క్రాంకుకి గ్రీజు పూసి
దూలానికి నిలువుగా వేలాడదీశాను,
గోడకి చేరేస్తే వంగుతుంది.
"సోమవారం చెప్తాను."
సోమవారానికి అది గట్టిపడదు.
నాకూ తెలుసు, పోలయ్యకీ తెలుసు.
సరేనన్నాడు.

సింహాద్రి ఖాళీ గోతాం దులిపి
మోకాలి మీద పెట్టుకుని మడిచాడు,
ఎడమ చేత్తో.