జేబు వదిలేసి

తెల్లారకముందే నా తలుపు సందులోంచి
ఎవరివో వేళ్ళు దూరి ఆడతాయి.
అలినాఫేవి. చిటికెన వేలికి గోరు లేదు.
"అమాయీ!"
వాళ్ళ చేవా మాటలో అమ్మ అని, పెద్దావిడ అని.
నా చెవి మొండిది.
యాభై మూడేళ్ళ మనిషిని రోజూ
"అమ్మాయీ" అని లేపుతున్నారనే వింటుంది.
దిద్దుకోలేదు.

బోరింగు దగ్గర మా వంతు అయిదున్నరకి.
పిడి కిందికి దిగాలంటే ఇద్దరు పిల్లలు వేలాడాలి,
లేదా నేనొక్కదాన్ని, నడుం పట్టేదాకా.
జియోనె బకెట్టు నెత్తికెత్తుకుని
నీళ్ళ మీద ఒక మామిడాకు వేస్తుంది, తొణక్కుండా.
నేనూ వేశాను.
ఇంటికొచ్చేసరికి ఆకు మిగిలింది.
ఆ కబురు నాకంటే ముందే సంతకి చేరింది.
టమాటాలమ్మే ఆవిడ నా తల తడిమి చూసి మరీ
రెండు కొసరు వేసింది.

సాయం చేద్దామనే వచ్చాను.
వచ్చిన రోజే నోటుబుక్కులో రాసుకున్నాను:
పిల్లలు ముప్ఫై ఒక్కరు, దుప్పట్లు ఇరవై ఆరు,
నేను మోసుకొచ్చిన దువ్వెనలు నలభై.
అందరివీ గుండ్లే.
దాయినేసి ఆగోగో ఏమీ అనలేదు,
ఒక్కో దువ్వెనకీ పల్చటి కాగితం చుట్టి
పెదాలకి ఎలా ఆనించాలో చూపించింది.
ఆ సాయంత్రం ముప్ఫై ఒక్క బూరలు, ఒకటే పాట,
ఏ రెండింటికీ శ్రుతి కలవలేదు.

పదింటికి ఇస్త్రీ.
ఇక్కడ సోకు కోసం కాదు.
ఆరేసిన తడిబట్ట మీద ఒక ఈగ గుడ్లు పెడుతుంది,
వేడి తగలకపోతే అవి చర్మంలోకి దిగి పురుగులవుతాయి.
అందుకే బొగ్గుల పెట్టె నిప్పులు కక్కుతుంది,
మోచేతులు చిరిగిన చొక్కా కూడా
పెళ్ళికి బయల్దేరినంత నున్నగా తేలుతుంది.

ఆ రోజు మావుతో చొక్కా.
మావుతో అంటే కష్టాలు.
పిల్లాడికి అలాంటి పేరేమిటని అడిగాను.
"అది వాడి పేరు కాదు,
వాడు పుట్టిన ఏడాది పేరు," అంది ఆగోగో.

జేబు మీద పెట్టె ఎత్తేసింది.
మాడిన మొక్కజొన్న వాసన.
లోపల రాత్రి తిన్న న్సీమా ముద్ద, ఎండి రాయయింది.
(మన సంకటే, తెల్లచొక్కా తొడుక్కుని.)
తీగ మీద ఆరుతున్న జేబే
వాడి అలమర అని నాకు తెలీదు.
తీసి కోళ్ళకి వేశాను.
శుభ్రం కదా.

మధ్యాహ్నం వచ్చాడు.
జేబులో చెయ్యి పెట్టాడు. తీశాడు. మళ్ళీ పెట్టాడు.
ఏడవలేదు.
కోళ్ళ వంక ఒక్కొక్కదాన్నే చూశాడు,
నేను దుప్పట్లు లెక్కపెట్టినట్టు.

భోజనంలో రెండు ముద్దలు ఎక్కువ వేశాను.
ఒకటి తిన్నాడు.
రెండోది నా కళ్ళలోకి చూస్తూ
జేబులో పెట్టుకున్నాడు.

ఆగోగో బొగ్గుల మీద బూడిద ఊది,
"జేబు వదిలేసి రుద్దు," అంది.
మరి ఈగ?
"పురుగు దిగితే నూనె రాసి నొక్కి తీస్తాను.
అది నాకొచ్చు.
ఇంకోటి తియ్యడం రాదు."
చివర్లో ఏదో పిలుపు కలిపింది.
అమాయీ అందో, అమ్మాయీ అందో.

ఆ రాత్రి తొలి వాన.
సోలారు దీపం చుట్టూ ఉసిళ్ళు లేచాయి.
గిన్నెలు, లంగా కొంగులు, అరచేతులు,
దొరికినవాళ్ళు దొరికినట్టు పట్టి,
రెక్కలు దులిపి, ఉప్పేసి, పెనం మీద.
చిటపటలకి అలినాఫే గంతులు.
మావుతో జేబు దానంతటదే కదులుతోంది.
పట్టుకున్న వాటిలో కొన్ని అందరితో పాటు పెనంలో వేశాడు.
కొన్ని.

నోటుబుక్కు తర్వాత తెరవలేదు.
ఈ పొద్దున బోరింగుకి పోతూ స్వెట్టరు తొడుక్కుంటే
నా జేబులో ఏదో గట్టిగా తగిలింది,
రాయంత, కొంచెం జిగటగా.
తీసి చూడలేదు.
ఇవాళ ఇస్త్రీలో నా స్వెట్టరు కూడా ఉంది,
ఎలా రుద్దాలో ఆగోగోకి తెలుసు.