తరుగు

శ్రమల దినాలూ చింతపండూ
మా గుణుపురానికి ఒకేసారి వస్తాయి.
కొట్టు నిండా పులుపు వాసన.
ఉపవాసమున్న నోట్లో
నన్నడక్కుండానే నీళ్ళూరతాయి.

ఇది పాపమాండీ అని పాస్టరు గారిని అడిగేను.
ఆయన నవ్వేరు.
"ఊరడం నీ చేతిలో లేదు కదా, రూబేనూ" అన్నారు.
మిగతాది చెప్పకుండానే టీ తాగి వెళ్ళిపోయేరు.

మిగతాది నా చేతిలోనే ఉంది.
సరిగ్గా చెప్పాలంటే
కుడి బొటనవేల్లో.

రాత్రి రెండింటికి కొండ మీద బయల్దేరి
తలల మీద గంపలతో దిగుతారు సవర ఆడవాళ్ళు.
తెల్లారేసరికి గుమ్మం ముందు వరస.
కాటా పట్టేది నేను. ఇరవై రెండేళ్ళయింది.
రాళ్ళ వైపు దండె మీద వేలు ఇలా ఆనిస్తే చాలు,
నొక్కక్కర్లేదు,
గంపకి మూడు వందల గ్రాములు
మంచులా ఆరిపోతాయి.

దాన్ని దొంగతనం అనరు.
సావుకారి పుస్తకంలో దానికో గడి ఉంది,
పైన ఎర్ర సిరాతో పేరుంది: తరుగు.
తడికి తరుగు, గింజకి తరుగు, ఈనెకి తరుగు.
పని నేర్పిన అప్పన్న మావ
నా వేలు పట్టుకుని మరీ దిద్దించేడు,
అఆలు దిద్దించినట్టు.

సైతానుకి కొమ్ములుంటాయని
సండేస్కూలు గోడ మీద బొమ్మ చూసి పెరిగినవాణ్ణి.
ఇక్కడ కొమ్ములెవరికీ లేవు.
సావుకారు మంచోడు.
కరుణమ్మకి రాయి ఆపరేషనైతే
బరంపురం దాకా తన కారే పంపేడు.
కష్టమంతా అక్కడే ఉంది.

వంశధారలో బాప్తిస్మం నాడు
నీళ్ళు మోకాలు దాటి లేవు.
వెనక్కి వంచి ముంచుతుంటే
పడిపోతానని ఆయన భుజం పట్టుకున్నట్టు గుర్తు.
ఈ చెయ్యొక్కటీ తడవలేదేమో.

ప్రభువు నేర్పిన ప్రార్థనలో
అన్నం దగ్గర గట్టిగా,
అప్పుల దగ్గర ఇంకా గట్టిగా పలికే నేను
శోధన మాట వచ్చేసరికి గొంతు తగ్గిస్తాను,
వింటే నిజంగానే తప్పించేస్తాడేమోనని.

ఇవాళ సంత.
సోమవారం గ్రూపు లోను వాయిదా.
సుంబారి గంప దించి "కెతే?" అంది.
దండె ఊగుతోంది.
వేలు దానంతటదే లేచి దాని చోటికి పోతోంది,
మునిమాపు వేళ గొడ్డు సాలకి పోయినట్టు.

వాక్యం ఏదీ గుర్తుకి రాలేదు.
సుంబారి మెడ చూసేను, అంతే.
గంప దిగినా ఆ మెడ ఇంకా మోస్తూనే ఉంది.
చుట్టకుదురు కింద చెమట,
చెమటకంటుకున్న ఒక చింతాకు.
నా కన్నా ముందే ఆ మెడ
కొండదారి పొడుగునా తూచేసింది.
చెయ్యి తీసి లుంగీ ముడిలో దోపుకున్నాను.

"ఇరవై తొమ్మిదీ ఆరు వందలు."

సావుకారి కలం ఆగింది.
ఫ్యాను ఒక్కటే తిరుగుతోంది.
ఆయన ఏమీ అనలేదు.
తరుగు గడిలో చిన్న గీత గీసి
పేజీ తిప్పేడు.

తర్వాతి గంపకీ చెయ్యి తీసేను.
ఆ తర్వాతిదానికి, దాచడమెందుకు, ఆనింది.
ఎప్పుడానిందో తెలీదు.
తెలిసేక మళ్ళీ తూచేను.
ఆ ముసలమ్మ నన్నే అనుమానంగా చూసింది,
ఇప్పుడే మోసం మొదలెట్టేనన్నట్టు.
గోనె పీలిక చింపి వేలికి చుట్టుకున్నాను.

రాత్రి అన్నంలోకి చారు.
ఏటయింది వేలికి, అంది కరుణమ్మ.
ఏమీ లేదన్నాను.
దీపం దగ్గరికి లాగి తిప్పి తిప్పి చూసింది.
నెత్తురు లేదు, వాపు లేదు.
మరి నొప్పా, అంది.
అవునన్నాను.
ఎన్నాళ్ళకి మానుతుందీ, అంది.

చారు గుటకేసేను.
నోట్లో మళ్ళీ నీళ్ళూరేయి.
మూడు రోజులాగితే సంత.