చివరి బండి తొమ్మిదింటికి

కొండ మీద ఒకటి, కొండ కింద ఒకటి, రెండు చెక్కపెట్టెలు.
మధ్యలో ఒకే తాడు.
ఒకటి ఎక్కాలంటే ఇంకొకటి దిగాలి.
వల్పరాయిసో రేవులో పంతొమ్మిదేళ్లుగా
ఈ తాడుబండికి టికెట్లు చింపుతున్నాను.
కిటికీ చిన్నది. ముఖాలకన్నా నాకు చేతులే ఎక్కువ తెలుసు.

రాయెన్ చేతులు నిరుడు మార్చిలో
సిరా మరకలతో వచ్చేవి.
నలుగురు ఆడపిల్లలు, ఒకే పొట్లంలో వేయించిన ఆలుగడ్డ ముక్కలు,
పెట్టె ఊగిపోయేంత నవ్వు.
"తాడు ముసలిదే, దానికంత నవ్వు పడదు" అని కసిరేదాన్ని.

జూన్ వానలకి ఇద్దరే మిగిలారు,
రాయెన్, ఆమె ఫోను.
నా కిటికీ ముందు ఆగి ఫోను ఎత్తి తిప్పేది:
ఇదిగో బండి, ఇదిగో టికెట్టామె,
చూడు గాస్పర్, ఇంకెవరూ లేరు.
మొదటిసారి నేను నవ్వుతూ చెయ్యి కూడా ఊపాను.
సాక్ష్యం చెబుతున్నానని తెలీదు.

మంచి పిల్లాడే అన్నారు అందరూ.
మా చెల్లెలి కొడుకు జట్టుకి గోల్ కీపర్.
నాకు వంగి నమస్కారం పెట్టేవాడు,
ఆమె పుస్తకాల సంచీ మోసేవాడు,
సంచీలో ఏముందో కూడా తనే చూసేవాడు.

"కంటికి రెప్పలా చూసుకుంటాడు" అంది ఓ సాయంత్రం
నేనేమీ అడక్కుండానే.
రెప్ప అన్నాక తెరుచుకోవాలి కదమ్మా, అన్నాను.
ఆమె చిల్లర లెక్కపెట్టుకుంది.
సరిగ్గానే ఉంది.
మళ్ళీ లెక్కపెట్టింది.

డిసెంబరు మాకు మండువేసవి.
సముద్రం మీంచి వచ్చే గాలికీ చెమట పడుతుంది.
ఆ పిల్ల ఒంటి మీద పొడుగు చేతుల స్వెటర్.
నాణేలు తోస్తుంటే అంచు జారింది,
మణికట్టు చుట్టూ నాలుగు వేళ్ళూ ఒక బొటనవేలూ
వంకాయ రంగులో.
"కొట్టలేదు. పట్టుకున్నాడు, అంతే."

అంతే.
ఆ మాట నాకు పాత పరిచయం.
పదిహేడేళ్లప్పుడు ఓ పడవ సరంగు గురించి
మా అమ్మతో, పక్కింటామెతో, అద్దంతో
రెండేళ్లపాటు అదే చెప్పాను.

ఆ శుక్రవారం తొమ్మిదికి పది నిమిషాలుంది.
మెట్ల మీద పరుగు వినిపించింది.
కాపాడమని అడగలేదు ఆ పిల్ల.
"టికెట్ ఎంత?" అంది.
వందసార్లు ఎక్కిన మనిషి!
వీధి మలుపులో గాస్పర్, చేతిలో ఎర్ర గులాబీలు,
తీరిగ్గా నడిచి వస్తున్నాడు,
ఆమె ఎక్కడికీ పోలేదని తెలిసినవాడిలా.

తలుపు తీసి లోపలికి తోశాను.
పైనున్న ఎవరిస్తోకి మూడుసార్లు గంట కొట్టాను.
'మరమ్మతు' అని బోర్డు తగిలించి
పంతొమ్మిదేళ్ల ఉద్యోగంలో మొదటి అబద్ధం
వాడి ముఖాన చెప్పాను.
ఆమె పైకి వెళ్ళింది.
ఖాళీ పెట్టె కిందికి దిగింది.

అక్కడితో అయిపోయిందంటే బావుండేది.
మర్నాటి ఆదివారం ఇద్దరూ చేతిలో చెయ్యేసుకుని వచ్చారు.
నాకు కోపం వచ్చింది, నిజం చెప్పాలిగా, ఆ పిల్ల మీదే.
తర్వాత నా రెండేళ్లు గుర్తొచ్చాయి.
తాడైనా ఒక్కసారి తెగదు, పోగు పోగూ తెగాలి.
కాగితం మీద ఏదీ రాసివ్వలేదు, సంచీ వెతుకుతాడుగా.
వాడు ఫోను చూసుకుంటున్నప్పుడు మెల్లగా చెప్పాను:
"ఎవరిస్తో గదికి గడియ లోపలి నుంచి.
ఏ వేళైనా సరే. ఎన్నిసార్లయినా సరే."

ఇంకో రెండుసార్లు గంట కొట్టాల్సొచ్చింది.
మూడోసారి పైన వాళ్ళమ్మ నిలబడి ఉంది,
పక్కన బడి పంతులమ్మ, చేతిలో ఏవో కాగితాలు.
గదిలో ఏం మాట్లాడుకున్నారో నేనడగలేదు.

మళ్ళీ మార్చి వచ్చింది.
కిటికీలోకి ఒక చెయ్యి, మోచేతిదాకా మడిచిన చొక్కా,
చూపుడువేలికి సిరా, అరచేతికి నూనె జిడ్డు.
వెనకాల ఇగ్నాసియా ఏదో అంటే పకపకలు.
తాడు గురించి నేనేమీ అనలేదు.

మిగిలిన చిల్లర తోశాను.
లెక్కపెట్టకుండానే జేబులో వేసుకుంది.