ఎదురుముల్లు

గాలాల లెక్క తలకిందుల లెక్క.
అంకె పెరిగితే గాలం చిన్నదవుతుంది.
పన్నెండో నంబరు చీమ కాలంత,
రెండో నంబరు నా చిటికెన వేలి వంపంత.
బరంపురం బజార్లో డబ్బా మూత తీయించి
ఒడియాలో బేరమాడి, తెలుగులో లెక్కపెట్టుకుని
దండాసి మామ కొనేది ఎప్పుడూ ఐదో నంబరే.
"సేప నోరు సూసి కొనాల్రా గాలం,
నీ ఆకలి సూసి కాదు."

సోనాపురం దగ్గర బాహుదా సముద్రంలో కలిసే చోట
ఇసుక మేట ఏటేటా చోటు మారుతుంది.
మేమూ దాని వెంటే,
తంగూసు చుట్టలు, సీసం గుండ్లు, సత్తు గిన్నెలో ఎర.
గొరకకి రొయ్య, తొక్క తీయకుండా తోక వైపు నుంచి.
మాగకి కవ్వల ముక్క, వెండి పొలుసు పైకి కనబడేలా.
పండుగప్పకి మాత్రం బతికున్న కొయ్యంగ పిల్ల.
వీపు తోలు కిందుగా గుచ్చాలి, వెన్ను తగలకూడదు.
తగిలితే ఎర చచ్చిపోతుంది,
చచ్చినదాన్ని పండుగప్ప కన్నెత్తి చూడదు.

ఎరకి నొప్పుండదా అని అడిగాను చిన్నప్పుడు.
మామ చాలాసేపు పోటు వైపు చూసి
"అడిగినోడివి నువ్వే గుచ్చు,
నెమ్మదిగా గుచ్చుతావు" అన్నాడు.

ఆ ఏడు ఆశ్వయుజంలో నాకు డబ్బు అవసరం.
ఇంటి మీద రేకు లేచిపోయింది,
లోలాక్షికి కళ్ళజోడు కావాలి.
మామకి చెప్పకుండా పన్నెండో నంబరు వంద కొన్నాను.
ఒక్కో తాడుకి పది, అన్నింటికీ ఎర్రలే.
కర్రలు ఇసుకలో పాతి టీకి వెళ్ళిపోయాను.
చిన్న గాలం ఏ నోట్లోనైనా పడుతుంది,
పెదవి దగ్గర ఆగదు,
కడుపు దాకా పోతుంది.
లాగితే తంగూసు తెగేది.
తెగితే తెగింది, గాలం రూపాయిన్నర.

నెల తిరిగాక
మామ చేతి తాడుకి ఒక పండుగప్ప పడింది.
నాలుగు కిలోల పొడుగు, రెండు కిలోల బరువు.
తలకాయ అలాగే ఉంది, వెనకంతా ఖాళీ సంచి.
గొంతులోంచి జానెడు తంగూసు వేలాడుతోంది
పచ్చగా నాచు పట్టి.
సాహు కాటాలో వేసి, వేలితో పొట్ట నొక్కి,
సగం ధర చెప్పి తల తిప్పుకున్నాడు.

మామ అమ్మలేదు. అక్కడే కోశాడు.
తుప్పు పట్టిన గాలం తీసి నా అరచేతిలో పెట్టాడు.
అందరూ ఐదు మెలికలు తిప్పే చోట
నేను ఏడు తిప్పుతాను.
చివర పంటితో కొరుకుతాను.
ఏడూ ఉన్నాయి. పంటి గుర్తు కూడా.
"సంపితే సంపు," అన్నాడు మామ,
"బాకీ పెట్టకు."

ఆ రాత్రి ఆకురాయి తీసి
ఉన్న గాలాలన్నింటికీ ఎదురుముల్లు అరగదీశాను.
మర్నాడు మూడు చేపలు జారిపోయాయి.
"కూరలోకి ఆకురాయి తరగమంటావా?" అంది లోలాక్షి,
కళ్ళజోడు ఇంకా రాలేదు ఆవిడకి.
వారం పట్టింది
తంగూసు వదులవకుండా పట్టుకోవడం తెలియడానికి.
నా చేతులు చేయాల్సిన పనిని
ఇన్నాళ్ళూ ఒక ముల్లుకి వదిలేశాను.

ఇప్పుడు పిల్లచేప పడితే
ముందు నా చేయి తడుపుకుంటాను.
పొడి చేయి దాని జిగురు ఒలిచేస్తుంది.
తినేదాన్ని ఇసుక మీద కొట్టుకోనివ్వను,
కళ్ళ వెనక కర్రతో ఒకటే దెబ్బ.
ఇది దయో, పనితనమో నాకు తెలీదు.
చేపకి అడిగే నోరుంటే
అసలు పట్టకు అనేదేమో.

ఆ తుప్పు గాలం కరెంటు బిల్లుల మేకుకి వేలాడుతోంది.
పారెయ్యమంటుంది లోలాక్షి.
కనీసం ముడి విప్పుదామని ఒకసారి కూర్చున్నాను.
గట్టిగానే కట్టాను.