బోలు చప్పుడు

మే నెల. అయినా సొరంగం మూతిదగ్గర మంచు
చలికాలం తిని వదిలేసిన ఎంగిలిలా అలాగే ఉంది.
రబ్బరు బూట్లేసుకుని నలుగురం.
రీమా స్టెపనోవ్నా నడుముకి గులకరాళ్లు పోసిన టీ డబ్బా.
వస్తున్నామని ఎలుగుబంట్లకి ముందే చెప్పాలిగా.
తిమోఫే చేతిలో టేపు, నా చేతిలో నోటుబుక్కు,
గ్లెబ్ అర్కాద్యెవిచ్ భుజాన సుత్తి, పొడుగు పిడి, చిన్న తల.
ఎందుకండీ అంటే
"అలవాటు."

సఖాలిన్ కొండల్ని దాటే ఈ దారిలో
రైలు ఆగి ముప్పై ఏళ్లు దాటింది.
పట్టాలు ఎవరో కోసుకెళ్లి తుక్కు కింద అమ్ముకున్నారు.
మిగిలిన స్లీపర్లు
పళ్లూడిన దువ్వెనలా బురదలో.

తిమోఫేకి పంతొమ్మిదేళ్లు. ఇక్కడ రైలు నడవగా చూడలేదు.
ఏ ఇంజను ఏ ఎక్కుడు మీద ఎంత బొగ్గు తినేదో మాత్రం
గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతాడు.
కమాను మీది జపాను అక్షరాల్ని బ్రష్షుతో తోమి
"పద్నాలుగోది" అన్నాడు.
"పదిహేను" అంది రీమా.
వాళ్లు అటునుంచి లెక్కపెట్టారు, మనవాళ్లు ఇటునుంచి.
ఇద్దరి మాటా ఒప్పే. ఇద్దరూ అరగంట కొట్లాడుకున్నారు.
నేను రెండూ రాసుకున్నాను.

నాకు లెక్కలు రావు.
మా అమ్మమ్మ పున్‌సున్
బకెట్టు నిండా నాచు, మీద ఉప్పుచేప పెట్టుకుని
పట్నం బజారుకి ఈ రైల్లోనే వెళ్లేది, నన్ను ఒళ్లో కుక్కుకుని.
సొరంగంలో బోగీ దీపం వెలిగితే వెలిగేది, లేకపోతే లేదు.
ఆ చీకట్లోనే ఆమె గుడ్డు ఒలిచేది.
వెలుతురొచ్చేసరికి నా అరచేతిలో తెల్లగా, వెచ్చగా.
పెంకు ఏమయ్యేదో ఎన్నడూ కనబడలేదు.
సొరంగాలే గుడ్లు పెడతాయనుకునేదాన్ని.

"మా అన్న మోశాడు ఈ రాళ్లు" అని ఒకే ఒక్కసారి అంది.
ఏ సొరంగమో చెప్పలేదు.
అందుకే అన్నిట్లోకీ వస్తున్నాను.

లోపల నీటిచుక్కలు ఒకదాని మాట ఒకటి వినకుండా పడుతున్నాయి.
గోడ మీద వేలంత మందాన మసి.
ఇది జపాను బొగ్గా, సోవియట్ బొగ్గా అని
తిమోఫే గీకి వాసన చూశాడు. తుమ్మాడు.
గోడలో అక్కడక్కడా మనిషి పట్టే గూళ్లు,
రైలొస్తే పనివాళ్లు ఒదిగి నిలబడ్డానికి.
ఒకదాంట్లో నిలబడి చూశాను.
భుజాలకి సరిగ్గా సరిపోయింది. వెంటనే బయటికొచ్చేశాను.

ముందు గ్లెబ్. నాలుగడుగులకోసారి గోడకి సుత్తి తగిలిస్తాడు,
చెవి వంచుతాడు, కదులుతాడు.
ఠంగ్.
ఠంగ్.
ఠంగ్.
డబ్.

"ఇక్కడే" అన్నాడు, దీపం అడక్కుండానే.
మేం దీపం వేశాం.
తెల్లరంగుతో గీసిన సున్నా, చేతివాటం కాస్త వంకర.
పక్కన గ్లె. అ. అని పొడి అక్షరాలు,
1989 అక్టోబరు.

"మూడుసార్లు కాగితం పెట్టాను.
మొదట నిధుల్లేవన్నారు.
తర్వాత దేశం లేదన్నారు.
ఆ తర్వాత రైలే లేదు పోరా అన్నారు."

తిమోఫే చేతిలోంచి టేపు సర్రున వెనక్కి చుట్టుకుంది.
కొలవడం మర్చిపోయాడు, మొదటిసారి.

గ్లెబ్ జేబులోంచి సుద్దముక్క తీశాడు.
ఇదీ అలవాటే కాబోలు.
పాత తేదీ కింద ఇవాళ్టి తేదీ వేసి
ఇంకా బోలుగానే ఉంది అని రాసి, సంతకం పెట్టి,
రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు.

"రాసుకో, ఎమీలియా. మరమ్మతు వెంటనే అవసరం."
"ఎవరి పేరున?"
కాసేపు ఆలోచించాడు. గడ్డం గోక్కున్నాడు.
"డిపోకి."

డిపో ఉన్నచోట ఇప్పుడు టైర్ల కొట్టు.
రాసుకున్నాను.

అవతలి మూతివైపు రీమా డబ్బా మళ్లీ గలగలమంది.
ఇంకా నాలుగు వందల మీటర్లు.