సానియే

నాయనమ్మ పెట్టెలో అడుగున ఓ కాగితం,
మడతల దగ్గర చివికి, సిరా టీ రంగుకి తిరిగి.
కుడి నుంచి ఎడమకి రాసిన పేరు.
మొదట చిన్న పన్ను లాంటి గీత,
దాని నెత్తిన మూడు చుక్కలు.

ఆ మూడు చుక్కలుంటే
నాలుక పళ్ల సందులోంచి రవ్వంత తొంగిచూడాలట.
థానియా, అంటారు అరబ్బులు. రెండోది అని.
మా తోకాత్‌లో నాలుకలు గడప దాటవు,
సానియే అనేశారు.
కొత్త లిపి వచ్చిన ఏడు గుమాస్తా
చుక్కల్ని రొట్టె పొడిలా దులిపేశాడు.

నాయనమ్మ కంటే ముందు మునీరే.
కొడుకు పుడతాడని పిలిపించిన డోలు
మోగకుండానే తిరిగి వెళ్లింది.
బిడ్డ పేరేమిటని ఇమాం అడిగితే
ముత్తాత పేరు చెప్పలేదు, లెక్క చెప్పాడు.
ఆ లెక్కకే అరబ్బీ తొడిగి
పసిచెవిలో ముమ్మారు పలికి వెళ్లాడాయన.

మునీరేని ఏడో ఏట మలేరియా తీసుకుపోయింది.
ఇంట్లో ఒక్కతే పిల్ల,
అయినా రెండోదే.
నీళ్లు తెమ్మని కేకేసినప్పుడల్లా
ఇంకెవరో కూడా లేచినట్టుండేదట.

బడిలో నాది వేరే గొడవ.
"నిమిషానికి ఎన్ని సానియేలు?" అని టీచరు అడగ్గానే
క్లాసు క్లాసంతా నా వైపు తిరిగేది.
ఏడుస్తూ వస్తుంటే, వాచీలు బాగుచేసే ఫెహ్మీ మామ
కంటికి అద్దం పెట్టుకునే చెప్పాడు:
గంటని ఒకసారి తరిగితే నిమిషం.
రెండోసారి తరిగితే నువ్వు.
చీటికిమాటికి ఏడవకు, స్ప్రింగులు తుప్పుపడతాయి.

నాయనమ్మ నవ్వలేదు, ఓదార్చలేదు.
మస్లిన్ మీద చెక్క అచ్చు మోపి పిడికిలితో గుద్దింది.
ముందు నలుపు.
చెర్రీ ఎక్కడుండాలో చెబుతుంది, చెర్రీ కాదు.
రెండో అచ్చు ఎరుపు.
"ఇది పడ్డాకే పిట్టలొస్తాయి" అంది.
అబద్ధం. మా అచ్చుశాలకి ఏ పిట్టా రాలేదు,
ఒక పిల్లి మాత్రం వచ్చేది, రంగు గిన్నెలో కాలు పెట్టడానికి.

మా ఇంట్లో నేనే పెద్ద.
నాన్న తన తల్లి పేరు పెట్టుకున్నాడు,
మొదటిదాన్ని రెండోదని పిలవడమేమిటని
ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఆవిడ వదిలివెళ్లిన ఆఖరి తలగుడ్డ
ఇంకా నల్ల గీతల్లోనే ఉంది.
ఇవాళ ఎరుపు కలిపాను, కాస్త పల్చబడింది.
మొదటి చెర్రీ పక్కకి జరిగింది.
రెండోది నయం.

తలుపు దగ్గర ఎవరో కొనేవాళ్లు.
చేతుల నిండా రంగు.
"బిర్ సానియే!" అని కేకేస్తాను.
ఒక్క సెకను ఆగమని.
ఒక్కతే సానియే అని కూడా వినొచ్చు.

లెక్క తప్పే.