ఆకుపచ్చ బిందె

"సమానాధికరణం" అని బోర్డు మీద రాశాను.
చివరి బెంచీలో ఎవరో తుమ్మారు.
పెరంబూరు, ఏడో తరగతి, తెలుగు సెక్షను,
మధ్యాహ్నం రెండున్నర.
ఫ్యాను తిరుగుతోంది, గాలి మాత్రం రావట్లేదు.

సరే, తుడిచేశాను. పక్కమాట అందాం.
ఒక పేరు, దాని పక్కనే ఇంకో పేరు,
రెండూ ఒకరివే.
మన ఊరు చెన్నై, ఒకప్పటి మద్రాసు,
సముద్రాన్ని ఆనుకునే ఉండి నీళ్లకి ఏడుస్తుంది.
కామాల మధ్య మాట తీసేసి చదవండి,
వాక్యం పడిపోదు.

"పడిపోనప్పుడు పెట్టడమెందుకు టీచర్?"
శ్యాంసన్. వాడికి అన్నీ ఎందుకులే.
వెంటనే ఏమీ తోచలేదు.
"మీ నాన్న వచ్చాడు అంటే వచ్చాడు, అంతే.
మీ నాన్న, ఇరవై తొమ్మిదో నంబరు బస్సు కండక్టరు, వచ్చాడు
అంటే సంచీలో చిల్లర కూడా మోగుతుంది కదరా."
నవ్వాడు. ఒప్పుకున్నట్టు కాదు.

ఇంకోటి చెప్పాను, మన భాష గడుసుతనం:
"కండక్టరు దేవసహాయానికి ఇవ్వు" అంటాం.
"కండక్టరుకి, దేవసహాయానికి" అన్నామా,
ఇద్దరు మనుషులై కూర్చుంటారు.
ఒక మనిషికి ఒకటే టిక్కెట్టు.
విభక్తి ఒక్కసారే చించాలి, అదీ చివర్లో.

తలా ఒక వాక్యం రాయమన్నాను.
హేమకళ రాసింది:
"మా అమ్మమ్మ, ఆకుపచ్చ బిందె, లైన్లో మూడో చోట నిలబడింది."

ఎర్ర పెన్ను తీశాను.
అమ్మమ్మ మనిషి, బిందె ప్లాస్టిక్కు,
ఒకటెలా అవుతాయమ్మా?

"లారీ తెల్లారి నాలుక్కి వస్తుంది టీచర్.
బిందె రాత్రే పెట్టేస్తాం.
అది నిలబడితే అమ్మమ్మ నిలబడినట్టే.
లారీ అన్న 'ఏయ్, పచ్చ కుడం' అంటాడు,
అమ్మమ్మ 'ఆఁ' అంటుంది.
దాన్నెవరైనా కాలితో వెనక్కి జరిపితే
అమ్మమ్మని తోసినంత గొడవ."

"మరి ఆవిడ పేరు?"
"పెంచలమ్మ. లైన్లో ఎవరికీ తెలీదు."

నిలబడింది.
అమ్మమ్మకైనా అదే క్రియ, బిందెకైనా అదే.
ఎప్పుడో కుదిర్చిన లెక్క ఇది,
ఇన్నేళ్లూ పాఠం చెబుతూ నేనూ గమనించలేదు.
పిల్లలకి చెప్పబోయి ఆగాను, గంట కొట్టారు.
పెన్నుకి మూత పెట్టి,
"పేరు కూడా చేర్చు" అని మాత్రం అన్నాను.
కామా ఎక్కడ పెట్టాలో చెప్పడం మర్చిపోయాను.
తనే పెట్టుకుంది, సరైన చోటే:
"మా అమ్మమ్మ పెంచలమ్మ, ఆకుపచ్చ బిందె,"

తెల్లవారుజామున మా వీధి మలుపులో హారను.
నిద్రకళ్లతో చెప్పులు వెతుక్కుని పరిగెత్తాను.
నేను, నీలం బిందె, పదకొండో చోట
నిలబడ్డానా, నిలబడిందా,
నీళ్లు వచ్చేదాకా తేలలేదు.